తెర వెనక రాయి ఫొటో

రెండేళ్ల కిందటి ఏప్రిల్. మార్కాపురంలో మా ఆఫీసు గది. ఉన్న వస్తువులు: రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, నీళ్ల క్యాను, ఎక్స్‌రేల సంచి. ఉన్న మనుషులు: నేను, పెద్దారవీడు వైపు నుంచి వచ్చిన వెంకటయ్య. ఆ సంచి ఆయనదే. గొర్రెలు కాస్తాడు, తన ఊరి అమ్మవారికి పూజారి.

ఊళ్ల వివరాలు నమోదుచేసే వెబ్‌సైటులో నేను ఎడిటర్ని. ఎవరైనా రాయవచ్చు, ఫొటో పెట్టవచ్చు; సరిచూసి అప్రూవ్ చేయడం నా పని. ఎవరికో నచ్చలేదని సమాచారం తీసేయకూడదన్నది మా మొదటి నియమం.

వెంకటయ్య ఊరి పేజీలో అమ్మవారి రాయి ఫొటో ఉంది. ఆ రాయి ఏడాదంతా తెర వెనకే ఉంటుంది. జాతరనాడు ఒక్కపూట పూజారి తెర ఎత్తుతాడు. అప్పుడు కూడా ఫోన్లు బయటే. అది తెలియక ఫొటోను అప్రూవ్ చేసింది నేనే. ఫోను లోపలికి రానిచ్చింది పూజారేనని ఊరిపెద్దలు తేల్చారట. వారంలో జాతర. ఈసారి ఆయన తెర ముట్టకూడదన్నారట.

“మా తాత ఎత్తినాడు, మా నాయన ఎత్తినాడు. నాతోనే పోయేటట్టుంది. ఆ ఫొటో తీసెయ్యి నాయనా,” అన్నాడు.

ముందు మెటాడేటా చూశాను. అంటే, ఫొటో ఎప్పుడు తీశారో కెమెరా అందులోనే రాసిపెట్టే వివరం. తేదీ చదివి వినిపించాను. పనివాళ్లు లోపలికి వచ్చి గుడి పైరేకులు మార్చిన వారం అదేనని, అప్పుడు కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నానని ఆయన చెప్పాడు. కాలు చూపించుకోవడానికి తెచ్చుకున్న సంచిలోంచే డిశ్చార్జి కాగితం తీశాడు. తేదీలు సరిపోయాయి.

డిలీట్ చేయబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఆగు. గుర్తు లేకుండా తీసేస్తే, తప్పు కప్పిపెట్టుకున్నాడంటారు.”

నిజమే. ఫొటోను పేజీలోంచి తప్పించాను. మెటాడేటాలోని తేదీని, ఫొటో తప్పించిన కారణాన్ని హిస్టరీలో, అంటే ప్రతి మార్పూ అందరికీ కనిపించే పట్టికలో, రాశాను. అమ్మవారి గురించిన సమాచారంలో అక్షరం తగ్గించలేదు. ఫొటో తీయరాదన్న ఆచారాన్ని ఒక వాక్యంగా చేర్చాను.

హిస్టరీని, డిశ్చార్జి కాగితాన్ని ఊరిపెద్దకు ఫోనులో పంపాము. పావుగంటకు ఆయనే కాల్ చేశాడు. వెంకటయ్య స్పీకర్ పెట్టాడు.

“రేకులేసేటప్పుడు మీరంతా ఆడనే ఉంటిరి గదా. మంచంమీద ఉన్నోణ్ణి నన్నడుగుతారేంది?”

“సర్లే మామా, మేమే తొందరపడినాం. తెర నువ్వే ఎత్తు.”

వెంకటయ్య క్యానులోంచి రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. నేనూ తాగాను.

అప్పటినుంచి గుళ్లు, చర్చిలు, దర్గాల ఫొటోలు వస్తే అప్రూవ్ చేసేముందు ఆ ఊరికి ఫోను చేస్తున్నాను. తీసేయాల్సివస్తే ఎందుకో రాసి తీస్తున్నాను.

ఆ పేజీలో ఇప్పటికి మార్పులు 43. ఫొటోలు 1. గుడి బయటి గోడది.