తొడిమ తెంపిన పాపం

మా అమ్మా, పెద్దమ్మా మూడేళ్లు మాట్లాడుకోలేదు. కారణం చెబితే మీకు నవ్వొస్తుంది, కానీ వాళ్ల ముందు మాత్రం నవ్వకండి. నా తమ్ముడి పెళ్లికి అమ్మ కురవి నుంచి కొడకండ్ల పోయి అక్కకు బొట్టు పెట్టి పిలవలేదు. ఫోన్‌లో పిలిచింది. పెద్దమ్మ పెళ్లికి రాలేదు. అంతే. ఇద్దరూ అరవై దాటినవాళ్లు, పంతంలో మాత్రం పలకా బలపం పట్టే వయసు.

మొన్న ఎండాకాలం పెద్దమ్మే ఒక మెట్టు దిగింది. పని మీద కొడకండ్ల పోయిన నన్ను పట్టుకుని, వాళ్లిద్దరి తల్లిగారి చేనులోని నాటు మామిడి కాయలు, గడ్డి పరిచిన గంపలో గంపెడు ఇచ్చింది. మోకాళ్లు అరిగిన మనిషి, నిచ్చెన ఎక్కి ఒక్కో కాయనూ వేలెడు తొడిమతో తనే కోసింది.

"తొడిమ తెంపకు బిడ్డా. నీళ్లు తాకనియ్యకు. ఇంటికి పోంగనే గడ్డిల పరిచిపెట్టు. పండినంకనే మీ అమ్మకియ్యి. పచ్చియిస్తే తొక్కుపచ్చడికి పంపిందనుకుంటది" అంది. ఒక కాయ విడిగా నా హ్యాండ్‌బ్యాగులో పడేసి, "గిది నీకు" అంది. ఆ తర్వాత నా ముఖం చూడకుండా, "తింటదంటవా?" అని అడిగింది.

"ఎందుకు తినదు పెద్దమ్మా!" అన్నాను, అంతా నా చేతిలో ఉన్నట్టు.

నేను డిగ్రీలో బోటనీ చదివాను. బూజు బొమ్మలు గీసి, భాగాలు గుర్తించి, మార్కులు కొట్టేసినదాన్ని. ఇంత చదువూ పెట్టుకుని, మహబూబాబాద్‌లో నా అద్దె గదికి చేరగానే ఏం చేశాను? గడ్డి దురద పెడుతోందని పారేశాను. సొన కారి జిడ్డుగా ఉన్నాయని కాయలన్నీ కుళాయి కింద కడిగాను. గుచ్చుకుంటున్నాయని తొడిమలు పుటుక్కు పుటుక్కున తుంచాను. తడి ఆరకముందే ప్లాస్టిక్ సంచిలో కుక్కి, మూతి బిగించి, ఆఫీసు ట్రైనింగుకని భూపాలపల్లి పోయాను. ఐదు రోజులు.

తిరిగొచ్చి తలుపు తీస్తే గది నిండా పుల్లటి కల్లు వాసన. సంచి విప్పాను. ప్రతి పండుకూ తొడిమ ఉండాల్సిన చోట నల్లటి మచ్చ, దాని మీద తెల్లటి నూగు. వేలు పెడితే లోపలికే పోయింది. ఒక్కటంటే ఒక్కటి బాగుంటే ఒట్టు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ పంతం చంపుకుని నిచ్చెనెక్కితే, నేను హాయిగా కుళ్లబెట్టాను.

ఏడ్చి, ముఖం కడుక్కుని, తెలివైనవాళ్లు చేసే పనే చేశాను. మోసం. మార్కెట్లో చూడ్డానికి అలాగే ఉన్న రసాలు కొని కురవి బస్సెక్కాను.

మీ చెట్టు పండ్లు పెద్దమ్మ పంపిందనగానే అమ్మ ముఖం విప్పారింది, దాచుకుంది కానీ నేను చూశాను. ఒక పండు పిసికి, కొన కొరికి, జుర్రింది. ఆగింది.

"గిది మా చెట్టుది కాదు."

"అదేనమ్మా..."

"మా చెట్టు రుచి నాకు తెల్వదా? అంగట్ల కొని పంపిందా? నన్ను ఎడ్డిదాన్ని చేసుడా?" పండును పళ్లెంలో పడేసింది. "ఇంక ఆమె పేరెత్తకు." కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇక తప్పలేదు. గడ్డి, కుళాయి, తొడిమలు, సంచి, అంగడి, అన్నీ కక్కేశాను. పెద్దమ్మ నిచ్చెనెక్కిన సంగతి చెప్పేసరికి నాకూ ఏడుపు ఆగలేదు. రుమాలు కోసం హ్యాండ్‌బ్యాగు గాలిస్తే, అడుగున నాకిచ్చిన కాయ తగిలింది. దాన్ని కడగలేదు, తొడిమ తెంపలేదు, అసలు గుర్తే లేదు. పసుప్పచ్చగా బంగారంలా పండి ఉంది. నా మతిమరుపు చేసిన మేలు నా బోటనీ చేయలేకపోయింది.

అమ్మ ముందు పండును చూడలేదు, తొడిమను చూసింది. వేలితో తడిమింది. "మా అవ్వ గిట్లనే కోయిచ్చేది" అంది. ఆ తర్వాత టెంక తెల్లబడేదాకా జుర్రింది. నాకు చుక్క కూడా పెట్టలేదు.

చేతులు కడుక్కోకుండానే ఫోన్ తీసింది. మూడేళ్ల తర్వాత అక్కతో మొదటి మాట ఇదీ:

"అక్కా, నీకేమన్న తెలివున్నదా? గీ మొద్దుదాని చేతికి కాయలిస్తవా?"

అటునుంచి పెద్దమ్మ అరుపు నాకూ వినిపించింది: "ఏం జేసిందే?"

గంటసేపు ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. నేను పుట్టినప్పటి నుంచీ చేసిన వెధవ పనులన్నీ వరసపెట్టి తవ్వారు. ఇంత కమ్మటి తిట్లు నేనెప్పుడూ తినలేదు. చివరికి అమ్మ గొంతు తగ్గింది.

"ఆ మోకాళ్లతోని నిచ్చెన ఎందుకెక్కినవ్? చెట్టుకు మిగిలిన కాయలు ఆపు. రేపొచ్చి నేను నిచ్చెన పట్టుకుంట."

పొద్దున్నే కొడకండ్లకు బయల్దేరుతూ సంచిలో కుంకుమ భరిణె పెట్టుకుంది. నేనూ వస్తానన్నాను.

"కాయలు ముట్టనంటెనే రా" అంది.