అన్న వేసిన ముడి

నిన్న పార్కులో చీలిన చెట్టుకు రబ్బరు ముక్కలు అడ్డం పెట్టి కట్టిన తీగను పనివాళ్లు వదులు చేస్తుంటే, రబ్బరు వాసనకు డోర్నకల్‌లోని మా రైల్వే క్వార్టర్ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు గాలివానకు అక్కడి మా వేపచెట్టు పంగ దగ్గర చీలింది. అన్న సైకిల్ ట్యూబు ముక్కలు అడ్డం పెట్టి, రెండు కొమ్మలనూ ఇనుప తీగతో దగ్గరికి లాగి కట్టాడు.

"చెట్టు లావైతే తీగ కోస్తది. అప్పుడు నేనే జర వదులు చేస్త" అన్నాడు.

కొన్నాళ్లకే తెలంగాణ ఊరేగింపుకని వరంగల్ వెళ్లి శవమై వచ్చాడు. ఆ రోజు నన్ను పక్కింట్లో ఉంచారు. నాకెవరూ ఏమీ చెప్పలేదు.

ఏడాది తిరిగేసరికి తీగ బెరడులోకి దిగింది. నాయిన పటకారు తెస్తే అమ్మ అడ్డం నిలబడింది.

"వాడే వదులు చేస్తనన్నడు. ఎవ్వలు ముట్టద్దు."

నేనా మాట నమ్మాను. రైలు కూసినప్పుడల్లా గేటు దగ్గరికి ఉరికేదాన్ని.

చివరికి చెట్టు ఎండిపోయింది. కొట్టేస్తుంటే అడిగాను.

"అమ్మా, అన్నొచ్చి ఇగ ఏం వదులు చేస్తడు?"

నాయిన ముడి చెడకుండా తీగను కత్తిరించి అమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొంగున కట్టుకుంది.

అన్న రాడని అమ్మకు తెలుసు. అయినా రైలు కూసినప్పుడు ఆమె చేతులూ పని మధ్యలో ఆగిపోయేవని ఇప్పుడు గుర్తొస్తోంది.