ఒక్క తల్లె ఉన్న ఇల్లు

మా సీ లాంగ్వేజ్ సార్ ఇక లేరన్న కబురు మెట్రోలో ఉండగా తెలిసింది. రైలు మూసారాంబాగ్ దాటుతుంటే పాత బ్యాచ్ గ్రూపులో ఎవరో మెసేజ్ పెట్టారు. నేను దిగాల్సింది ఎల్‌బీ నగర్‌లో. ఉండబట్టలేక దిల్‌సుఖ్‌నగర్‌లోనే దిగిపోయాను. సార్ పాఠాలు చెప్పిన రెండో అంతస్తులో ఇప్పుడు చెప్పుల గోడౌన్ ఉంది. దాని కింద నిలబడి ఏడ్చాను. పక్కన కంకులు కాల్చే ఆమె తన స్టూలు నా వైపు జరిపింది.

అప్పట్లో ఉద్యోగం వెతుక్కుంటూ కోస్తా నుంచి వచ్చి ఇక్కడి హాస్టల్లో ఉండేదాన్ని. అప్పటికే కొన్ని ఇంటర్వ్యూల్లో తప్పి ఉన్నాను. "ఈసారీ రాకపోతే వచ్చేయమ్మా, మన ఊరి బడిలోనే కంప్యూటర్ పాఠాలు చెబుదువుగాని" అన్నాడు నాన్న. ప్రేమగానే అన్నాడు. తిరిగి వెళ్ళడమంటే మాత్రం నాకు ఓడిపోవడమే. అందరూ జావా వెంట పరిగెత్తుతుంటే, సార్ దగ్గర నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్‌లో చేరింది గుప్పెడు మందిమి.

సార్‌ది పోచంపల్లి వైపు, మగ్గాలున్న ఇల్లు. బోర్డు తుడవడానికి డస్టర్ ఉన్నా జేబులోని చేతిరుమాలే తీసేవారు. ఇంట్లో మేడమ్ తిడుతుందని ఆయనే చెప్పి నవ్వేవారు. మేం తప్పు రాస్తే అదేమిటో చెప్పరు. "చూడు, జర మంచిగ చూడు" అని కిటికీ దగ్గరికి వెళ్ళిపోతారు. అప్పట్లో నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు హార్డ్‌వేర్ అడ్రసుల పాఠం. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ ఒక చిరునామా ఉంటుంది. యంత్రానికి అది ఆరు బైట్లు. మనం చదవాలంటే మధ్యలో కోలన్లు పెట్టి అక్షరాల్లో రాయాలి. అటూ ఇటూ మార్చడానికి సీ భాషలో తయారుగా ఫంక్షన్లున్నాయి. అక్షరాలను బైట్లుగా మార్చే ఫంక్షన్, మనం రాసింది తప్పైతే ఖాళీ చెయ్యి చూపిస్తుంది. అది గమనించకుండా ముందుకు పోతే ప్రోగ్రాం కూలిపోతుంది. "అడ్రసే దొరకలేదు, పోయి ఎవల తలుపు కొడ్తవ్?" అనేవారు సార్.

నెట్‌వర్క్‌లో వెళ్ళే ఒక డేటా ప్యాకెట్‌ను ఎవరు పంపారో, ఎవరికి పంపారో, బైట్లను అక్షరాలుగా మార్చే ఫంక్షన్‌ను రెండుసార్లు పిలిచి ఒకే లైన్లో ప్రింట్ చేశాను. రెండు చోట్లా ఒకే అడ్రసు వచ్చింది.

"ఏందమ్మా, ఎవలకు వాళ్ళే ఉత్తరాలు రాస్కుంటున్రా?" అన్నారు సార్.

"బైట్లు వేరుగానే ఉన్నాయండీ. ఇలా ఎందుకొస్తుందో అర్థం కావట్లేదు."

"గా ఫంక్షన్ ఇంట్ల ఒక్కటే తల్లె ఉంది. ఫస్టు నీకు పప్పన్నం పెట్టింది. నువ్వు ముద్ద ఎత్తకముందే గుంజుకొని, గదే తల్లెల పక్కోనికి పెరుగన్నం పెట్టింది. ఇగ ఇద్దరు గా ఒక్క తల్లెనే చూస్తున్రు. ఏం కనపడ్తది?"

"పెరుగన్నం."

"మరి ఏం జెయ్యాలె?"

"నా పళ్ళెం నేనే తెచ్చుకోవాలి."

"గంతే" అని కిటికీ దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ ఫంక్షన్‌కు పేరు చివర ఇంగ్లీషు 'ఆర్' అక్షరం తగిలించుకున్న చెల్లెలొకటి ఉంది. అది మనమిచ్చిన చోట్లోనే రాసి పెడుతుంది. ఆ రోజు నుంచి నేను దాన్నే పిలిచాను.

ఆ తర్వాతి ఇంటర్వ్యూలోనూ అలాంటి ప్రోగ్రామే రాయమన్నారు. "మామూలు ఫంక్షన్ ఉందిగా, ఇదెందుకు?" అని అడిగారు. పప్పన్నం, పెరుగన్నం కథ చెప్పేశాను. అడిగినాయన నవ్వాడు. ఉద్యోగం ఇచ్చారు.

మొన్న మన్సూరాబాద్‌లో సార్ ఇంటికి వెళ్ళి కడసారి చూసొచ్చాను. కానీ నాకు మిగిలిన సార్ వేరు. ఉద్యోగం వచ్చిన రోజు పరుగున వెళితే కొత్త బ్యాచ్‌కు పాఠం నడుస్తోంది. గుమ్మంలో నా మొహం చూడగానే ఆయనకు తెలిసిపోయింది.

"మీ నాయినకు చెప్పినవా?"

"లేదండీ, ముందు మీకే."

సార్ చాక్‌పీసు బల్ల మీద పెట్టి నాతోపాటు మెట్లు దిగారు. రోడ్డు మీద హారన్ల మోత. "గీ లొల్లిల ఏం ఇనపడదు, రా" అని వెనక సందులోకి తీసుకెళ్ళారు. నేను గోడవైపు తిరిగి నాన్నకు ఫోన్ చేశాను. అవతల నాన్న ఊరికే "అమ్మా, అమ్మా" అంటున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే, సార్ సందు మొదట్లో నిలబడి, సుద్దపొడి అంటిన చెయ్యెత్తి ఆటోలను ఆపుతున్నారు. "జర ఆగు భయ్, బిడ్డ ఇంటికి మాట్లాడుతుంది."