పిచ్చిక పన్నూ, బస్సులో తువ్వాలూ

ఆ రోజుల్లో నాకు తెల్లకోటు మీద ఉన్నంత ప్రేమ పళ్ళ మీద ఉండేది కాదు. దంతవైద్యం చదివి, నరసరావుపేటలో ఒక ఆసుపత్రిలో చేరి అప్పటికి రెండు నెలలు. బస్టాండులో దిగిన దగ్గర్నుంచి ఆసుపత్రిదాకా ఆ కోటు తొడుక్కునే నడిచేదాన్ని, మే నెలలో కూడా. (పల్నాడు ఎండ ఎరిగినవాళ్ళకి ఆ ప్రేమ ఎంత లోతో వేరే చెప్పనక్కర్లేదు.) దారిలో ఎవరైనా "డాక్టరమ్మా" అని పిలిస్తే ఆ పూట టిఫిను లేకపోయినా కడుపు నిండిపోయేది. ఎవరూ పిలవకపోతే టీ కొట్టు దగ్గర ఒక నిమిషం ఎక్కువ నిలబడేదాన్ని. ఇంత హడావుడి చేసినా, మా పెద్దసారు నాకు పళ్ళు శుభ్రం చేయడం, చిన్నచిన్న గుంటలు పూడ్చడం తప్ప ఇంకేమీ ఇచ్చేవారు కాదు. ముఖ్యంగా చిన్నపిల్లల కేసులు అసలే ఇచ్చేవారు కాదు. పెద్దవాళ్ళకి నొప్పి పుడితే తిడతారు, పిల్లలు కరుస్తారు, నువ్వింకా తిట్లు తినే దశలోనే ఉన్నావు అనేవారు. నాకు చచ్చేంత రోషం వచ్చేది. ఒక్క పిల్ల పన్ను నా చేతుల మీదుగా బాగుచేస్తే గాని డాక్టర్ని కానని లోలోపల పంతం పట్టాను.

బడులు తెరిచాక ఒక బుధవారం సారు బంధువుల పెళ్ళికని మాచర్ల వెళ్ళారు. పిల్లలెవరైనా వస్తే మందు రాసిచ్చి మర్నాడు రమ్మనమని మరీ మరీ చెప్పి వెళ్ళారు. పదిన్నరకల్లా శావల్యాపురం వైపు నుంచి ఒక ఆటో వచ్చి ఆగింది. దిగినవాళ్ళు ఏడుగురు, పాడైన పన్ను ఒకటి. మా వైపు ఆసుపత్రికి ఒంటరిగా వెళ్ళడమంటే నా అనేవాళ్ళు లేరని చాటుకోవడమే కాబట్టి, ఇంట్లోవాళ్ళతో పాటు ఇరుగుపొరుగు కూడా ఎక్కేశారు. ముందు తాతయ్య. ఒకప్పటి సర్పంచి. పదవి పోయి ఏళ్ళయినా కుర్చీలో కూర్చునే తీరులో అది ఇంకా మిగిలే ఉంది. ఆయన వెనక నాయనమ్మ, ఆమె వెనక తలొంచుకుని పిల్ల తల్లి, తల్లి చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఆరున్నరేళ్ళ పిల్ల. ఎడమ చెంప మీద చెయ్యి, పై వరసలో ముందు పన్ను ఊడిన సందు. బక్కగా ఉంటుందని అందరూ పిచ్చిక అంటారట. పది రోజులుగా అన్నం కుడివైపే నములుతోందనీ, చల్లనీళ్ళు తాగితే గిలగిల్లాడిపోతోందనీ తల్లి మెల్లగా చెప్పింది. నాయనమ్మ లవంగ నూనె పెట్టిందట. పక్కింటావిడ జిల్లేడు పాలు పెట్టమందట గాని తల్లి పడనివ్వలేదట. (ఆ తల్లికి అక్కడికక్కడే దణ్ణం పెట్టాలనిపించింది. జిల్లేడు పాలు పడితే పంటితో పాటు నోరు కూడా పుండైపోతుంది.)

నోట్లో ఏమీ పెట్టకుండా బయటినుంచే ఎక్స్‌రే తీశాను. కింది దవడలో చివరి పాలపన్ను. పుచ్చు నరందాకా దిగిపోయింది. అయితే వేర్లు గట్టిగా ఉన్నాయి, చీము లేదు. పైన పాడైన నరం ముక్క తీసేసి, మందు పెట్టి, మీద స్టీలు తొడుగు వేస్తే పన్ను బతుకుతుంది. సారుకి ఎక్స్‌రే వాట్సాప్‌లో పంపి ఫోన్ చేశాను. అవతల సన్నాయి మోగుతోంది. చేయగలననుకుంటే చెయ్యి, కానీ పిల్లల చేత నోరు తెరిపించడం ఏ పుస్తకంలోనూ ఉండదు అన్నారు. నేను మొదటి సగం మాత్రమే విన్నాను.

హాల్లోకి వచ్చి చూస్తే అక్కడ పంచాయితీ కూర్చుంది. తాతయ్య మధ్యలో, తక్కినవాళ్ళు అటూ ఇటూ. వాదనలన్నీ ఒక పక్కే ఉన్నాయి. ఎట్లాగూ ఊడిపోయే పన్ను, పీకిస్తే పోయేదానికి ఈ మరమ్మతులన్నీ దేనికని. తాతయ్య నాకేసి తిరిగి తీర్పు వినిపించారు.

"పాలపన్నేగా అమ్మాయ్. పీకి చేతిలో పెట్టు, మజ్జానం బువ్వకి ఇంటికి పోతాం."

నేను గొంతు సవరించుకుని మొదలెట్టాను. ఆ పన్ను పదకొండేళ్ళదాకా ఉండాలని, ఇప్పుడే తీసేస్తే వెనకనుంచి వస్తున్న పెద్ద దవడపన్ను ఆ ఖాళీలోకి జరుగుతుందని, రేపు అసలు పన్ను వచ్చేసరికి చోటు ఉండదని, అది వంకరగా ఎక్కడో పొడుచుకొస్తుందని. కాలేజీలో సెమినార్‌కి చెప్పినట్టు పావుగంట చెప్పాను. కాగితం మీద దవడ బొమ్మ కూడా వేశాను. (అది గుమ్మడికాయ ముక్కలా వచ్చింది.) నాయనమ్మ ఆవలించింది. అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్ల తల్లి, మామగారి ముందు కాబట్టి కొంగు సర్దుకుని, నా వైపే చూస్తూ అడిగింది.

"అంటే బస్సులో కిటికీలోనుంచి సీట్లో తువ్వాలేస్తాం చూడండి, అట్టాగా? ఈ పన్ను తువ్వాలు. అసలు మనిషి ఎక్కేదాకా ఉండాల."

నా పావుగంటా ఒక్క మాటలో తేలిపోయింది. తాతయ్యకి ఆ తువ్వాలు సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వినుకొండ బస్సులో తను వేసిన తువ్వాలు తీసి కింద పారేసినవాడితో ఆరు నెలలు మాటల్లేకుండా ఉన్న మనిషట ఆయన. మెడలో తువ్వాలు ఒకసారి తడుముకుని, "తువ్వాలు తీస్తే సీటు పోద్ది. పీకొద్దు. బాగుచెయ్" అన్నారు. పంచాయితీ ముగిసింది.

పెద్దవాళ్ళు ఒప్పుకున్నారు గాని పిల్ల ఒప్పుకోలేదు. కుర్చీలో కూర్చుంది, పెదాలు బిగించింది, అంతే. బొమ్మ చూపించాను, అద్దం ఇచ్చాను, గాలి గొట్టంతో అరచేతిలో గాలి ఊదాను. చేలో మందు కొట్టే పంపు చూసి పెరిగిన పిల్లకి ఇదొక లెక్కా. అరగంట గడిచింది. నాకు చెమటలు పట్టి కోటు వీపుకి అతుక్కుపోయింది. ఇక మర్నాడు రమ్మందామని, ఎందుకంత భయమని చివరిసారి అడిగాను. నోరు పూర్తిగా తెరవకుండానే చెప్పింది. మూడు నెలల క్రితం ముందు పన్ను ఊడితే నాయనమ్మ పేడలో పెట్టి గొడ్ల చావిడి రేకుల మీదికి విసిరిందట. పాత పన్ను ఇంటిపైన ఉంటేనే కొత్తది వస్తుందని మా అందరి నమ్మకమే. రేకులు కదా, పేడ ముద్ద జారి దొడ్లో పడింది. కోడిపుంజు వచ్చి పొడుచుకు తినేసింది. అందుకే ఇంతవరకూ కొత్త పన్ను రాలేదట. ఇప్పుడు ఇది కూడా పీకేస్తే తను నాయనమ్మలా బోసినోరుతో బడికి పోవాలట.

మూడు నెలలుగా ఆ పిల్ల ఈ దిగులంతా ఒక్కతే మోసింది. ఎవరికీ చెప్పలేదు, కోడిపుంజుని మాత్రం రోజూ రాళ్ళతో కొడుతోందట. నాకు నవ్వు రాలేదు. తన వేలు పట్టుకుని ముందు చిగురు మీద పెట్టాను. బియ్యపు నూకంత గరుకుగా తగులుతోంది. కోడి తిన్నా సరే వచ్చేస్తోంది చూడు అన్నాను. రెండుసార్లు, మూడుసార్లు తడుముకుంది. తరవాత చెయ్యి చాపింది.

"దీన్ని పీకనని ఒట్టెయ్యక్కా."

పళ్ళ పుస్తకాల్లో ఒట్ల గురించి ఏమీ రాయలేదు. ఏ పంటికీ ఏ డాక్టరూ పూచీ పడకూడదని మాత్రం రాశారు. నేను ఒట్టేశాను. నోరు తెరుచుకుంది.

మత్తు సూది దోమ కుట్టినట్టుంటుందని చెప్పాను. సూది దిగగానే ఆ దోమ ఎంతదో తెలిసొచ్చి, నా చూపుడు వేలు కొరికింది. (సారు మాట నిజమైంది. అంటే తిట్ల దశ దాటానన్నమాట.) గుమ్మంలోంచి తాతయ్య, పురుగు మొత్తం చచ్చిందాకా మందు కొట్టమ్మాయ్ అని సలహాలు ఇస్తూనే ఉన్నారు. పుచ్చు తీశాను, నరం పై ముక్క తీశాను, దూది అదిమి పట్టుకుని, నెత్తురు ఆగకపోతే పన్ను దక్కదే అని నిమిషాలు లెక్కపెట్టాను. ఆగింది. మందు పెట్టి, తిరునాళ్ళలో గాజులు తొడిగి చూసినట్టు ఒక్కో తొడుగూ పెట్టి చూశాను. నాలుగోది సరిపోయింది. గట్టిగా కొరకమంటే టిక్కుమని కూర్చుంది. అద్దంలో తళతళ చూసుకుని "ఇది ఎండిదా?" అని అడిగింది. ఆ ఆనందంలో వెండిదేనన్నాను. వాళ్ళ ఆటో మలుపు తిరిగాక వెనక గదిలోకి పోయి, గ్లాసెడు నీళ్ళు తాగి, కారణం లేకుండా ఏడ్చాను. అంత సంతోషం నాకు పట్టా పుచ్చుకున్నప్పుడు కూడా కలగలేదు.

ఆ ఒక్క మాట వారం తిరక్కుండా నా మెడకి చుట్టుకుంది. అదే ఊరినుంచి ఐదుగురు పిల్లల్ని తల్లులు చెవులు పట్టుకుని తెచ్చారు. వెండి పన్ను కావాలని బ్రష్షులు దాచేసి, పళ్ళు త్వరగా పుచ్చాలని బుగ్గలో బెల్లం ముక్క పెట్టుకుని పడుకుంటున్నారట. పిచ్చిక మాత్రం బడిలో రోజుకి ఇద్దరికి చొప్పున నోరు తెరిచి చూపిస్తోందట. పెద్దసారు నన్ను తిట్టలేదు, స్కూటర్ ఎక్కమని నేరుగా ఆ బడికి తీసుకెళ్ళారు. అందరి ముందూ నిలబడి, అది వెండి కాదు, స్టీలు, మీ అన్నం గిన్నెలాంటిదే అని చెప్పాల్సొచ్చింది. చెప్పేటప్పుడు పిచ్చిక మొహం చూడలేకపోయాను. బయటికి వస్తుంటే వెనకాలే పరిగెత్తుకొచ్చి నా కోటు పట్టుకుంది.

"పర్లేదులే అక్కా. పీకనని ఒట్టేశావు గాని, ఎండిదని ఒట్టెయ్యలేదుగా."

ఇదంతా జరిగి ఐదేళ్ళు. ఇప్పుడు నాకు సొంత క్లినిక్కు ఉంది. కోటు మేకుకి వేలాడుతూ ఉంటుంది, ఎవరైనా పెద్దవాళ్ళు నమ్మకపోతే తొడుక్కుంటాను. స్టీలుని స్టీలనే అంటాను, ఎవరికీ ఒట్లు వెయ్యను. మొన్న ఒక పొడుగాటి పిల్ల తాతయ్యని వెంటబెట్టుకుని వచ్చి, చేతిరుమాలు విప్పి బల్ల మీద పెట్టింది. మెరుస్తున్న తొడుగుతో సహా పాలపన్ను. అన్నం తింటుంటే తనంతట తనే ఊడిందట. నాయనమ్మ పేడ కలిపి సిద్ధం చేస్తే తాతయ్య పడనివ్వలేదట, రేకుల్ని నమ్మలేం, డాక్టరమ్మకిద్దాం అన్నారట. నోరు తెరవమని అడక్కముందే తెరిచింది. సరిగ్గా ఆ చోటులోనే, కాస్తయినా వంకర లేకుండా, కొత్త పన్ను అంచు తెల్లగా కనిపించింది.

"తువ్వాలు తీసేశానక్కా," అంది పిచ్చిక. "అసలాయన ఎక్కేశాడు."

ఆ పన్ను ఇప్పుడు నా సొరుగులో ఉంది. పని తెమిలాక అప్పుడప్పుడూ తీసి చూసుకుంటాను. అంచు దగ్గర తొడుగు సరిగ్గా నొక్కలేదు, ఇప్పుడైతే ఇంకా శుభ్రంగా చేస్తాను. కానీ ఇప్పుడు ఎవరైనా చెయ్యి చాపి ఒట్టెయ్యమంటే, ఆ ఎండలో కోటు తొడుక్కుని తిరిగిన ఆనాటి డాక్టరమ్మలా వేయగలనా అనుకుని, నవ్వుకుని, సొరుగు మూస్తాను.