గ్యారంటీ ఇవ్వని కెప్టెన్

2024 జనవరి. కువైట్‌లో, ఫర్వానియాలోని ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో టికెట్లు కొట్టడం నా పని. మాది రాయచోటి. గాజుల అంగళ్ల మధ్య పెరిగినవాణ్ణి. చెప్పిన ధరకే వస్తువు కొంటే జ్వరం వచ్చే వంశం మాది.

ఒకరోజు జాబ్రియా నుంచి సుజాత గారు వచ్చారు. హైదరాబాద్ ఆవిడ, స్కూల్లో బయాలజీ టీచర్.

"సలాలాకి టికెట్లు కావాలి బాషా గారూ. ఫిబ్రవరిలో."

"ఫిబ్రవరిలోనా? సీజన్ జూలై కదా మేడమ్!"

ఒమన్‌లోని సలాలా అంటే కువైట్‌లో అందరికీ ఒకటే అర్థం, అక్కడి వానాకాలం. మేం మండిపోతుంటే అక్కడ తుంపర. జూలైకి ఇప్పుడే కొట్టేస్తే చౌక అని ఊరించా కూడా.

"జూలైలో మీరు చూసేది వాన. నేను చూడాల్సింది తిమింగలం. వానాకాలంలో ఆ సముద్రం పిచ్చెత్తినట్టుంటుంది, పడవలు కదలవు."

ఆమెకి కావాల్సింది హంప్‌బ్యాక్, మునిగేటప్పుడు వీపు మూపురంలా పైకి లేచే రకం. మిగతా సముద్రాల్లో అవి వలస పోతాయట, అరేబియా సముద్రంలోవి మాత్రం ఇక్కడే కాపురం. మిగిలినవీ కొన్నే.

"మార్చితో నా ఉద్యోగం ఖలాస్, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కూడా. హైదరాబాద్ వెళ్లిపోయాక తిమింగలం కోసం మళ్లీ ఎవరు పంపిస్తారు? ఇన్నేళ్లూ పాఠం చెప్పాను, ఒక్కదాన్నీ చూళ్లేదు. చూడకుండా మాత్రం పోను."

పంతం పట్టిన గిరాకీ అంటే నాకు గౌరవం. చార్టర్ బోట్ కోసం ఫోన్లు మొదలుపెట్టా. చార్టర్ అంటే కెప్టెన్, డీజిల్‌తో సహా పడవ మొత్తం మనకే మాట్లాడుకోవడం. ఇంకొందరు టీచర్లు కలిశారు. ఒక సీటు మిగిలింది. ఖాళీ సీటుకి అద్దె కట్టడం చూడలేక నేనే ఎక్కుతానన్నా.

చివరికి ఇద్దరు కెప్టెన్లు తేలారు. సుజాత గారి ముందే స్పీకర్ పెట్టి మాట్లాడా. మొదటివాడు హిందీలో గడగడా చెప్పాడు. "గ్యారంటీ భాయ్! చేత్తో తాకేంత దగ్గరికి తీసుకెళ్తా. కనబడకపోతే సగం వాపస్."

నా ప్రాణం లేచొచ్చింది. రెండోవాడు సలీం. గ్యారంటీ ఉందా అంటే, "పడవ నాది. సముద్రం నాది కాదు" అన్నాడు.

"సలీంనే ఖాయం చేయండి" అన్నారు సుజాత గారు.

"అదేంటి మేడమ్, వారంటీ లేని ఫ్రిజ్ కొంటారా?"

"తాకేంత దగ్గరికి వెళ్లేవాడు దాన్ని తరుముతాడు బాషా గారూ. ఉన్న నాలుగింటినీ బెదరగొట్టి నేనేం చూడను?"

ఇక నా బేరమంతా సలీంతోనే. రేటు దిగలేదు. దాంతో రేటు వదిలేసి రోజు పట్టుకున్నా. మొదటి రోజు గాలి లేస్తే అదే అద్దెకి మర్నాడు మనదే కావాలి. మా ట్రేడ్‌లో దాన్ని స్టాండ్‌బై డే అంటారు. మూడు ఫోన్లకి ఒప్పుకున్నాడు. సుజాత గారు ఆ అదనపు రోజుకి జీతం లేని సెలవు పెట్టారు.

అనుకున్నట్టే మొదటి రోజు గాలి. సలాలా రేవులోంచి కదల్లేదు. రెండో రోజు బయల్దేరాం. నేను మాత్రం పొద్దున తిన్నదంతా సముద్రానికి వాపస్ ఇచ్చేశా. మధ్యాహ్నం దాటినా ఏమీ లేదు. సలీం ఇంజిన్ ఆపి కూర్చున్నాడు.

"యల్లా కెప్టెన్, నడుపు! వెతకాలి కదా!"

"అంగట్లో కూర్చుని గిరాకీ వెంట పరిగెత్తుతావా?"

"మా వీధిలో పరిగెత్తుతాం" అన్నా. అందరూ నవ్వారు, సుజాత గారు తప్ప. ఆవిడ నీటి మీంచి చూపు తిప్పలేదు.

సాయంత్రం వెనక్కి తిరగాల్సిన వేళకి దూరంగా బుస్సుమని తెల్లటి ఆవిరి లేచింది. తర్వాత నల్లటి వీపు. ఆ తర్వాత తోక, నీళ్లు కారుస్తూ, తీరిగ్గా లోపలికి దిగిపోయింది. సలీం ఇంజిన్ ముట్టుకోలేదు. మళ్లీ అది పైకి రాలేదు.

"ఇంతేనా?" అన్నారెవరో.

సుజాత గారు కళ్లు తుడుచుకున్నారు. "బోర్డు మీద ఎప్పుడూ నీలం చాక్‌పీస్‌తో వేసేదాన్ని. ఎంత నల్లగా ఉంది!"

ఆ ట్రిప్ తర్వాత తిమింగలం కోసం వచ్చేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా. చూపిస్తానని మాటివ్వను, అది ఉండే చోట రెండు రోజులు మిమ్మల్ని నిలబెడతాను. సగం మంది కుర్చీలోంచి లేచిపోతారు. మిగిలినవాళ్లకే టికెట్ కొడతాను.