అరవై ఒక్క పాయింట్లు

మొన్నొక ఆదివారం మధ్యాహ్నం మా తమ్ముడి కూతురు ఒంగోలులో మా ఇంటి వసారాలో మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుని, పక్కనే నేను చిక్కుడుకాయలు తుంచుతున్న సంగతి కూడా మరిచిపోయి, ఫోనులో తన స్నేహితురాలికి ఎంతో తీరుబడిగా ఒక అబద్ధం చెప్పింది. పిల్ల బెంగళూరులో ఎంబీఏ చదువుతోంది. అక్కడ రెండో ఏడాదిలో ఎవరికి కావలసిన సబ్జెక్టులు వాళ్లు ఎంచుకోవచ్చట గాని, అందరూ ఒకదాని మీదే పడితే సీట్లు చాలవు కనుక, తలా ఇన్ని పాయింట్లని ఇచ్చి వాటితో వేలం పాడుకోమంటారట. ఎక్కువ పాయింట్లు పెట్టినవాళ్లకు సీటు. నువ్వు దేనికి వేస్తున్నావని అవతలి అమ్మాయి అడిగినట్టుంది. మా పిల్ల తన పాయింట్లలో ముప్పాతిక వంతు ఒకే సబ్జెక్టు మీద అప్పటికే పెట్టేసి కూడా, ఇంకా ఏమీ అనుకోలేదనీ, ముందు నీ సంగతి చెప్పమనీ అంది. ఫోను పెట్టేశాక నా ముఖం చూసి నవ్వింది.

"అట్టా చూడబాకత్తా. చెప్పాననుకో, నా మీద ఒక్క పాయింటు ఎక్కువేసి సీటు ఎగరేసుకుపోద్ది."

పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లాను గాని, చాలాసేపు పొయ్యి వెలిగించాలని తోచలేదు.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మేం చదువుకునే రోజుల్లో మా వైపు ఎంబీఏ అంటే ఇంకా కొత్త. డిగ్రీ అయితే బీఈడీ చేయడమో, బ్యాంకు పరీక్షలు రాసి రాసి అలిసిపోవడమో తప్ప వేరే దారి తెలియదు. నేను ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుని, స్కాలర్‌షిప్పు మీద, గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య హైవే పక్కనున్న ఒక కాలేజీలో చేరాను. చుట్టూ పత్తి చేలు. కాయలు పగిలే కాలంలో గాలి వీస్తే దూది కిటికీల్లోంచి వచ్చి మా పుస్తకాల మీద వాలేది. మా కుటుంబాల్లో అంతవరకూ పెద్ద చదువంటే పంతులు ఉద్యోగానికి చదవడమే. నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. అమ్మ కోతల కాలంలో మిరపచేలకు వెళ్లేది, మిగతా రోజుల్లో ఇంకొందరు ఆడవాళ్లతో కలిసి ఆటో ఎక్కి కోల్డ్ స్టోరేజీలకు పోయి ఎండుమిరపకాయల తొడిమలు తీసేది. రోజంతా ఆ ఘాటులో కూర్చుని వచ్చిన చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట వదలదు. అందుకని అమ్మ మమ్మల్ని మోచేత్తో దగ్గరికి తీసుకునేది గాని అరచేత్తో మా ముఖాలు తాకేది కాదు. అందరి అమ్మలూ అంతేనేమో అనుకుంటూ పెరిగాను.

మా కాలేజీలో రెండో ఏడాది ఎంచుకునే సబ్జెక్టుల్లో ఎగుమతి వ్యాపారం ఒకటి. దాన్ని చెప్పడానికి గుంటూరు నుంచి వారానికొకసారి ఒక పెద్దాయన వచ్చేవారు. చాలాకాలం మిర్చి ఎగుమతి చేసి, పిల్లలకు వ్యాపారం అప్పగించి, సరదాకి పాఠం చెప్పే మనిషి. మేం ఆయన్ని చాటుగా షావుకారు మాస్టారు అనేవాళ్లం. ఆయన గదిలో చెప్పేది తక్కువ. పిల్లల్ని తన వ్యానులో ఎక్కించుకుని కోల్డ్ స్టోరేజీలకూ, ఎగుమతిదారుల ఆఫీసులకూ తిప్పి, కాయ విరిచి చూపించి, రంగు ఎలా చూడాలో, ఏ దేశంవాడు ఏ ఘాటు అడుగుతాడో చెప్పేవారు. కాబట్టి ఆ వ్యానులో ఎంతమంది పడతారో ఆ సబ్జెక్టుకు అన్నే సీట్లు. ఏడాది చివర ఆ పిల్లల్ని ఆయనే తెలిసిన కంపెనీల్లో పెట్టించేవారు. ఇది కాలేజీలో అందరికీ తెలుసు. నాకు ఆ వ్యానులో చోటు దొరికితే గుంటూరులో ఉద్యోగం, ఉద్యోగం దొరికితే అమ్మకు తొడిమల పని మాన్పించడం. ఇంతకుమించి నాకు కోరికేమీ లేదు. అప్పటికే అమ్మకు ఆయాసం మొదలైంది.

మాకు ముందు బ్యాచి దాకా ఆ సీట్లు ముందొచ్చినవాళ్లకు ముందు అన్న పద్ధతిలో ఇచ్చేవారట. హాస్టల్లో ఉన్నవాళ్లు తెల్లారకముందే ఆఫీసు గుమ్మం ముందు చేరితే, పల్లెల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లకు తలుపులు మూశాక కబురు తెలిసేది. ఇది అన్యాయమని మా ఏడాది కొత్తగా వచ్చిన డైరెక్టరుగారు పాయింట్ల పద్ధతి పెట్టారు. అందరికీ తలా వంద పాయింట్లు. దేనికెన్ని పెడతారో చీటీ మీద రాసి పెట్టెలో వేయాలి, చీటీలన్నీ ఒకేసారి తెరుస్తారు. ఆయన బోర్డు మీద రాసి వివరిస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పుట్టి బుద్ధెరిగాక, ఉన్నవాళ్ల బిడ్డ చేతిలోనూ నా చేతిలోనూ సమానంగా ఉన్నది ఏదైనా ఉందంటే ఆ వంద పాయింట్లే.

వేలం అంటే నాకు తెలిసింది మా చర్చిలో వేలమే. కోతకాల పండుగనాడు ఎవరి పంటలోంచి వాళ్లు గుమ్మడికాయో, బియ్యం బుట్టో, కోడిపెట్టో తెచ్చి కానుకగా పెడితే, ఆరాధన అయ్యాక ఆవరణలో చింతచెట్టు నీడన సంఘపెద్ద ఒక్కొక్కటే పైకెత్తి వేలం వేసేవాడు. అందులో ఎవరూ రాయని కట్టుబాటు ఒకటుంది. ఎవరికి ఏది కావాలో, ఎందుకు కావాలో బయటికి చెప్పేస్తారు. చెప్పాక అంతకన్నా అవసరం లేనివాళ్లు నోరు మూసుకుంటారు. నాన్న పోయిన ఏడాది అమ్మ ఒక బియ్యం బుట్టకు తన దగ్గరున్నదంతా పాడి, "ఇంతే ఉందయ్యా నా కాడ," అంది. అప్పటిదాకా దానికోసం పోటీపడి అరుస్తున్న హెడ్మాస్టారి భార్య ఠక్కున ఆగిపోయి, పక్కామెతో కబుర్లలో పడ్డట్టు ముఖం తిప్పుకుంది. సంఘపెద్ద గబగబా మూడుసార్లు పిలిచి బుట్ట అమ్మ నెత్తికెత్తాడు. తర్వాతి సంవత్సరాల్లో అమ్మ కూడా అలాగే ఎవరెవరి కోసమో ఆగిపోవడం చూశాను. తను నోరు తెరవబోయే ముందు అవతల పాడేది ఎవరా అని మెడ నిక్కించి చూసుకునేది.

అందుకే నేనేం చేశానంటే, మర్నాడు చీటీలు వేయాలనగా క్యాంటీనులో మా క్లాసంతా ఉన్నప్పుడు, నాకు ఎగుమతి వ్యాపారమొక్కటే కావాలనీ, దానికి అరవై పాయింట్లు పెడుతున్నాననీ చెప్పేశాను. మిగతా సబ్జెక్టులకు కూడా కొన్ని ఉండాలి కనుక అంతకుమించి పెట్టలేనని కూడా చెప్పాను. అమ్మ సంగతి చెప్పాను. ఇలాంటివి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, మా దగ్గర చెప్పుకోకపోవడమే తప్పు. అందరూ శ్రద్ధగానే విన్నారు. ఒకబ్బాయి నా టీకి డబ్బులిచ్చాడు. క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయి, గుంటూరులో మిర్చి కమిషను వ్యాపారి కూతురు, నా భుజం చుట్టూ చెయ్యి వేసి, "నీకు రాకపోతే ఇంకెవరికి వస్తాదే," అంది. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే అదీ శుభసూచనే అనుకున్నాను. నా అమాయకత్వం మీద నాకిప్పుడు నవ్వు కూడా రాదు.

ఫలితాలు డైరెక్టరుగారు స్వయంగా క్లాసులో చదివారు. మొదట ఇద్దరు ముగ్గురు ఎనభైలు, తొంభైలు పెట్టారు, వాళ్లు మొదటినుంచీ దానికోసమే ఉన్నవాళ్లు, వాళ్ల మీద నాకేమీ లేదు. తర్వాత ఆయన ఒక పేరు చదివి అరవై ఒకటి అన్నారు. ఇంకో పేరు చదివి, అరవై ఒకటి. మళ్లీ ఇంకొకటి. మూడోదో నాలుగోదో చదివేసరికి ఆయనకే ఆశ్చర్యమేసి, "గమ్మత్తుగా ఉందే, అందరూ కూడబలుక్కున్నారా ఏంటి?" అని నవ్వారు. క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఎవరి ముందున్న బల్లను వాళ్లు చూసుకుంటున్నారు. టీకి డబ్బులిచ్చిన అబ్బాయి పేరు వచ్చింది. ఆఖరి పేరు నా పక్కనున్న అమ్మాయిది. వ్యాను నిండిపోయింది.

ఆ అమ్మాయి చెడ్డదని చెప్పలేను. సాయంత్రం నా వెనకే బస్టాపు దాకా వచ్చి, "నేను వెయ్యకపోయినా ఇంకొకళ్లు వేసేవాళ్లే కదే," అంది. అది నిజం. కాయ ఎలా ఉండాలో ఇంట్లో తండ్రిని అడిగితే చెబుతాడు గదా, నీకెందుకు ఆ సీటు అని అడగాలనుకున్నాను గాని, వచ్చిన బస్సు ఎక్కేశాను. తర్వాత వారంవారం వ్యాను వచ్చి హారను కొట్టేది. వాళ్లు వెళ్లిపోతే మేము కిటికీ రెక్కలు మూసుకుని ఎవరికీ అక్కర్లేని ఇంకో సబ్జెక్టు వినేవాళ్లం. మధ్యాహ్నానికి తిరిగివచ్చి ఆ అమ్మాయి నా పక్కన కూర్చుని తుమ్మేది. ఓణీ నిండా మిరప ఘాటు, అచ్చం మా అమ్మ ఇంటికొచ్చినప్పటి వాసన. నేను పుస్తకంలోకి తలవంచుకుని కూర్చునేదాన్ని. అప్పుడు పడిన బాధ పేరు ఈర్ష్య కాదు, అంతకన్నా పెద్దదేదో.

ఇంటికి వెళ్లి సీటు రాలేదని చెప్పిన రోజు అమ్మ గుమ్మంలో కూర్చుని చేతులకు నూనె రాసుకుంటోంది. నూనె రుద్దుకుంటూనే, "పోన్లే అమ్మా. ఆ పిల్లలకేం అవసరముందో ఏమో. మనకన్నా ఎక్కువ ఇబ్బందుంటేనే గదా పైన పాడతారు," అంది. నేను అవునన్నాను. క్యాంటీనులో చెప్పిన సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే నా తెలివితక్కువతనానికి ఏడవదు, మనుషుల్లో అలా ఉంటుందని తెలిసి ఏడుస్తుంది. ఆ రాత్రి ప్రార్థనలో అమ్మ ఆ వ్యానులో ఎక్కే పిల్లల ఇబ్బందులు తీర్చమని దేవుణ్ణి అడిగింది. ఒక్క రాత్రితో ఆగలేదు, చాలాకాలం అడిగింది. పక్కన మోకాళ్ల మీదున్న నేను ఆమేన్ అనడానికి పళ్లు కొరుక్కునేదాన్ని.

చదువు అయ్యాక నాకు చీమకుర్తిలో ఒక గ్రానైటు ఫ్యాక్టరీ ఆఫీసులో పని దొరికింది. రాళ్లు కోసే మిషన్ల హోరులో, లారీల దుమ్ములో, జీతాలూ సెలవులూ చూసుకుంటూ నా వయసు గడిచింది. తమ్ముణ్ణి చదివించాను, పెళ్లి చేశాను, నేను చేసుకోలేదు. అమ్మకు తొడిమల పని వెంటనే మాన్పించలేకపోయాను. నేను మాన్పించేనాటికి ఆమె ఊపిరితిత్తులే ఆ పని మాన్పించే స్థితికి వచ్చాయి. ఆ వ్యానులో చోటు దొరికితే అమ్మ ఇంకొన్నాళ్లు బతికేదేమో. అలా అనుకోకూడదని పాస్టరుగారు చెబుతారు. అయినా అనుకుంటాను.

గుంటూరు ఆసుపత్రిలో చివరి రోజుల్లో, ఆక్సిజన్ గొట్టం కొంచెం పక్కకి జరిపి అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. ఏదో అప్పగింతలు చెబుతుందనుకున్నాను. "అప్పుడు నీతో చదివిన ఆ పిల్లలు, ఆ వ్యాను పిల్లలు, బాగున్నారంటనా?" అని అడిగింది. బాగున్నారమ్మా అన్నాను. అబద్ధం కాదు. ఒకళ్లకు సొంత కోల్డ్ స్టోరేజీ ఉంది, ఒకళ్లు దుబాయి ఓడలకు మిర్చి ఎక్కిస్తున్నారు, టీకి డబ్బులిచ్చిన అబ్బాయి ఆ వ్యాపారమే వదిలేసి ఇంకేదో చేసుకుంటున్నాడు. నా పక్కన కూర్చున్న అమ్మాయి పిల్లల పెళ్లిళ్లకు నాకు శుభలేఖలు కూడా వచ్చాయి. అమ్మ తృప్తిగా కళ్లు మూసుకుంది, తన ప్రార్థన ఫలించినట్టుగా.

ఇప్పటి పిల్లలకు మాకున్న వెర్రి లేదు. ఎవరి పాయింట్లు వాళ్ల గుండెల్లో దాచుకుంటారు, అడిగితే నవ్వుతూ తప్పించుకుంటారు, వాళ్లను ఎవరూ మోసం చేయలేరు, మంచిదే. కంప్యూటరు సీట్లు పంచేస్తుంది, ఎవరికి దక్కక ఎవరికి దక్కిందో పేర్లు కూడా కనబడవు. మా చర్చిలో వేలం ఇప్పటికీ జరుగుతుంది గాని, మైకులో పాడతారు, ఒకరి మీద ఒకరు పంతానికి పాడతారు, కావలసినవాళ్లు వెనక నిలబడి చూసి వెళ్లిపోతారు. వీటిలో దేనికీ నాకు పెద్దగా కోపం రాదు, ఆ వయసు దాటిపోయింది. కానీ తన పాట మీద పాడి గెలిచినవాళ్లు సుఖంగా ఉన్నారా అని అడిగే మనిషి, మా అమ్మ తర్వాత, ఈ జిల్లాలో నాకు ఒక్కరూ తగల్లేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.