రత్నాలక్క కంప్యూటర్‌కి ర్యామ్ మార్చిన ఏడాది

మా చిన్నతనంలో ఒక మధ్యాహ్నం... ఎల్లాజీ బావ మా కంప్యూటర్ డబ్బా మూత విప్పి, చాప మీద పక్కకి పడుకోబెట్టాడు. అమ్మ ఎండు చేపల గంప జరిపి చోటిచ్చింది. అక్క మాత్రం గోళ్ళు కొరుక్కుంటూ నిలబడే ఉంది...

మాది ఫిషింగ్ హార్బర్ వెనక వీధి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. అక్క పేరు నూకరత్నం, అందరికీ రత్నాలు. ఇంటర్ అయ్యాక కంప్యూటర్ కోర్సు చేసి, సీతమ్మధారలో ఒక ఫొటో స్టూడియో పని ఇంటికి తెచ్చుకునేది. పాత ఫొటోల మీద మరకలు తీయడం, పెళ్ళి ఫొటోల వెనక పూలతోటలు పెట్టడం...

ఆ కంప్యూటర్ ఏదో ఆఫీసువాళ్ళు వదిలించుకున్నది. ఫొటో తెరిస్తే చాలు, తెర మీద ఇసక గడియారం బొమ్మ కదలకుండా కూర్చునేది. అక్క వెళ్ళి అన్నం వార్చి వచ్చినా ఫొటో సగమే కనిపించేది. ఒక్కోసారి మొత్తం బిగుసుకుపోయి, పొద్దుటి నుంచి చేసిందంతా పోయేది. "ఇలాగైతే పని వేరేవాళ్ళకి ఇచ్చుకుంటానమ్మా" అనేశాడు స్టూడియో ఆయన.

కొత్తది కొనే తాహతు మాకెక్కడిది... ఉన్నదానికే ర్యామ్ మారిస్తే చాలని కోర్సు చెప్పిన సారు అన్నారట. ఎల్లాజీ బావ వేట నుంచి వచ్చిన తన వాటా పట్టుకుని, అక్కతో కలిసి ద్వారకానగర్‌లో పాత సామాను అమ్మే షాపులన్నీ తిరిగాడు. అతను మా మేనత్త కొడుకు. మరబోటులో కళాసీ. అతనికి అక్కే అన్నది మా రెండిళ్ళలోనూ ఎవరూ విడిగా చెప్పుకునే మాట కాదు...

ర్యామ్ బిగించి మీట నొక్కితే తెర నల్లగానే ఉంది. డబ్బాలోంచి బీప్ బీప్‌మని ఒకటే మోత. అక్క మొహం పాలిపోయింది. బావ నా జామెట్రీ బాక్సులో రబ్బరు అడిగి తీసుకుని, ర్యామ్ ముక్క బయటికి లాగి, దాని అంచున ఉన్న ఇత్తడిరంగు పళ్ళని నెమ్మదిగా రుద్ది మళ్ళీ బిగించాడు.

"ఉప్పుగాలికి సిలుమెక్కిపోనాదే. మా బోటింజినూ ఇంతే. తుడిత్తే మాటింటాది."

విన్నది. ఫొటో రెప్పపాటులో తెరుచుకుంది. అక్క అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి చూడటం... 

"మల్లీ ఎప్పుడొత్తావు బావా?" అని అడిగింది, అతను చెప్పులు వేసుకుంటుంటే.

"బోటులో ఐసున్నన్నాళ్ళే వేట. అది కరిగితే ఎనక్కే."

ఆ వేటలోనే వాయుగుండం పట్టింది. మిగతా బోట్లు ఏదోలా ఒడ్డు చేరాయి. బావ ఎక్కిన బోటు రాలేదు. హెలికాప్టర్లు తిరిగాయి. ఆడవాళ్ళు వానలో జెట్టీ మీదే కూర్చున్నారు. బోటు చెక్క ముక్క కూడా దొరకలేదు...

వారాలు గడిచాయి. పెద్దలు కూర్చుని, ఇంక దినాలు చేసెయ్యాలన్నారు. దినానికి పటం కావాలి. ఆ కళాసీలకి ఫొటోలెక్కడివి... ఒకాయనది రేషన్ కార్డు మీద వేలిగోరంత మొహం. ఇంకొకాయన ఎవరి పెళ్ళిలోనో వెనక వరసలో. వాటిని పట్టుకుని వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే మా ఇంటికి వచ్చారు. అక్క ఎవరినీ కాదనలేదు. పెద్దవి చేసి, మరకలు తుడిచి, చేతికిచ్చింది.

చివరికి ఒక మధ్యాహ్నం అత్త వచ్చింది. పాలిథిన్ కవర్లోంచి ఒక పెళ్ళి ఫొటో తీసి బల్ల మీద పెట్టింది.

"ఒలే రత్నాలూ, ఈడిది కూడా సేసీవే."

అక్క చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది. "నాను సెయ్యను అత్తా. ఇంకా కబురు రానేదు గదా. బంగ్లాదేశ్ ఒడ్డుకి కొట్టుకుపోనోళ్ళు నెలలకి తిరిగొచ్చారంట."

అత్త ఏడవలేదు. "నానూ అదే అనుకుని రోజూ ఆడి కంచంలో అన్నం ఎడతన్నాను. ఇంక ఎట్టలేనే అమ్మా. పటం నేకుండా ఆడికి దినం ఎలాగ సెయ్యడం? ఇంకెవులి సేతా సేయించను. నువ్వే సెయ్యాల."

అక్క ఆ ఫొటో చేతిలోకి తీసుకుంది. తర్వాత స్కాన్ చేసి తెరిచింది. పాత రోజుల్లో అయితే ఆ ఇసక గడియారం కాసేపైనా ఆపేది... ఆ రోజు ఆపలేదు. బావ మొహం వెంటనే వచ్చేసింది.

ఎడమ చెంప సగం, ముందున్న పెళ్ళికొడుకు తలపాగా వెనక పోయింది. అక్క కుడి చెంపనే తిప్పి అటు అతికించింది. కొంచెం కొంచెం సరిచేస్తూ కూర్చుంది. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. నేను బల్ల కోడు పట్టుకుని కిందే కూర్చున్నాను. లేవాలంటే భయం వేసింది.

"ఎడం కణత మీద మచ్చ... ఎక్కడ అత్తా?" అంది అక్క.

అత్త లేచి వచ్చి తెర మీద వేలు పెట్టింది. "ఇక్కడ. సిన్నప్పుడు లంగరు తగిలీసింది."

అక్క అక్కడ మచ్చ పెట్టింది. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు...

దినం అయ్యాక అక్క స్టూడియో పని మానేసింది. తర్వాత చేపల ఎగుమతి కంపెనీలో రొయ్యలు ఒలిచే పనికి వెళ్ళింది. చాలా ఏళ్ళకి పెళ్ళి చేసుకుని గాజువాకలో ఉంటోంది. మళ్ళీ మౌస్ ముట్టుకోలేదు. ముసుగు కప్పిన కంప్యూటర్ లోపల్లోపలే తుప్పు పట్టి, ఒక ఎండాకాలం పాత ఇనప సామాన్ల బండెక్కింది...

ఇప్పుడు హార్బర్‌లో కుర్రాళ్ళు బోటెక్కే ముందు సెల్ఫీలు దిగుతున్నారు. ఒక్కొక్కరివి వందల ఫొటోలు. వాళ్ళ అమ్మలు ఫోన్లో వేలితో జరుపుకుంటూ చూసుకుంటున్నారు. చూసినప్పుడల్లా, అవన్నీ పటాలు కాకుండా ఉత్త ఫొటోలుగానే ఉండిపోవాలని మొక్కుకుంటాను...

మీ ఇంట్లోనూ ఒకే ఒక్క ఫొటో మిగిల్చి వెళ్ళినవాళ్ళుంటే, వాళ్ళ పేరు కింద రాయండి. అసలు ఫొటోయే లేనివాళ్ళయితే... మొహం ఎలా ఉండేదో గుర్తున్నంత వరకు చెప్పండి.